మట్టిలో కలిసే కుండీ తయారు చేయబోయే అమ్మాయికి

అమ్మా,

నీ ఉత్తరం అందింది. పూల దుకాణాలకూ, మొక్కలు పెంచేవారికీ ప్లాస్టిక్‌కు బదులుగా మట్టిలో కలిసిపోయే కుండీలు, బొకేల తొడుగులు, పూల అమరికకు వాడే స్పాంజి తయారు చేయాలని నిశ్చయించుకున్నావని చదివి ఎంతో సంతోషించాను. ఏ పదార్థంతో మొదలుపెట్టమంటారని అడిగావు. దానికంటే ముందు నువ్వు తేల్చుకోవలసినది మరొకటి ఉంది: నీ వస్తువు ఎక్కడ కుళ్ళాలి? తోటమట్టిలోనా, పెరటి కంపోస్టు గుంతలోనా, వేడి పుట్టే పెద్ద కంపోస్టు కేంద్రంలోనా? ఈ మూడు చోట్లా తేమ వేరు, వేడి వేరు, పనిచేసే సూక్ష్మజీవులు వేరు. ఒకచోట ఆరు నెలల్లో మాయమయ్యేది ఇంకోచోట ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండవచ్చు.

మొక్కజొన్న పిండిని పులియబెట్టగా వచ్చే లాక్టిక్ ఆమ్లంతో చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌నే చూడు. దాని అణువుల గొలుసులు 55–60 డిగ్రీల సెల్సియస్ దగ్గర సడలుతాయి. పెద్ద కంపోస్టు కేంద్రాల్లో కుప్ప ఆ వేడిని అందుకుంటుంది కనుక, అక్కడ నీరు ఆ గొలుసులను తెంపుతుంది, తెగిన ముక్కలను సూక్ష్మజీవులు తినేస్తాయి. ఇరవై డిగ్రీల తోటమట్టిలో ఆ తెంపుడు అతి మందంగా సాగుతుంది. అలాంటి కుండీ మీద ‘మొక్కతో పాటే నాటండి’ అని రాస్తే, కొన్నవాడి చేత ప్లాస్టిక్ కుండీనే పాతిపెట్టించినట్టవుతుంది. పదార్థం మొక్క నుంచి పుట్టినంత మాత్రాన మట్టిలో కుళ్ళుతుందని అనుకోకు. అదే విధంగా, పీబీఏటీ లాంటి ప్లాస్టిక్కులు ప్రధానంగా పెట్రోలియం నుంచి వచ్చినా సూక్ష్మజీవులు వాటిని తినగలవు. పుట్టుక ఒక సంగతి, ముగింపు మరో సంగతి.

ప్రమాణాలు కూడా ఈ తేడాను బట్టే ఏర్పడ్డాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432 పెద్ద కంపోస్టు కేంద్రాలను ఉద్దేశించినది. దాని ప్రకారం 12 వారాల తరువాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదార్థంలో పదో వంతుకు మించి మిగలకూడదు, ఆరు నెలల్లో 90 శాతం జీవక్షయం జరగాలి, అంటే సూక్ష్మజీవులు దాన్ని తినెయ్యాలి. పెరటి కంపోస్టుకు ఆస్ట్రేలియా వారి ఏఎస్ 5810 ఉంది. అక్కడ పరీక్ష 20–30 డిగ్రీల మధ్య జరుగుతుంది, గడువు ఒక ఏడాది. నేల మీద పరిచే మల్చింగ్ షీట్లకు 2018లో వచ్చిన ఈఎన్ 17033 మట్టిలో రెండేళ్ల గడువు ఇస్తుంది. నువ్వు నాటే కుండీ చేయదలిస్తే మొదటి ప్రమాణపు ధ్రువపత్రం చూపించి సరుకు అమ్మజూపేవారికి లొంగకు. నీకు కావలసింది మట్టిలో చేసిన పరీక్ష.

ఇక కుండీల సంగతి. నా ఉద్దేశంలో నీ శ్రమలో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టాలి. మిగతా ప్యాకింగ్ సరుకు చాలా మట్టుకు పొడిగా బతికి, పారేసిన తరువాతే తడుస్తుంది. నర్సరీ కుండీకి ఆ వెసులుబాటు లేదు. మట్టి నింపిన రోజు నుంచీ అది తడి, ఎరువు, శిలీంధ్రాల మధ్యనే ఉంటుంది. అంటే అమ్ముడుపోయేదాకా కుళ్ళకూడదు, నాటిన మరుక్షణం నుంచి కుళ్ళాలి. ఈ రెండింటి మధ్య సమయాన్ని సరిగ్గా కుదర్చడమే నీ అసలు పని. కాబట్టి పదార్థాన్ని ఎంచే ముందు, ఆ మొక్క నర్సరీలో ఎన్ని వారాలు ఉంటుందో పెంపకందారును అడిగి రాసుకో. ఆరు వారాల పూల నారుకు పనికొచ్చే గోడ, ఏడాది పాటు బెంచీ మీద నిలిచే పొదకు పనికిరాదు.

కాగితపు గుజ్జుతో చేసిన కుండీని తీసుకుని కొన్ని వారాల పాటు రోజూ దగ్గరగా చూడు. ముందు అడుగుభాగం ముదురు రంగుకు తిరుగుతుంది. తరువాత పక్క గోడల మీద తెల్లటి నూగులా బూజు పాకుతుంది. అది చాలా మట్టుకు మొక్కకు హాని చేయదు గానీ, కొనేవాడు చూసి వెనక్కి పెట్టేస్తాడు. ఆ పైన తడి గోడను బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది, అంచు పట్టుకుని ఎత్తితే చేతిలోకి చిరిగి వస్తుంది. ఈ చిరుగును ఆపడానికి తయారీదారులు తడిలోనూ బలం నిలిపే రెసిన్లు కలుపుతారు. రెసిన్ పెరిగేకొద్దీ గోడ గట్టిపడుతుంది, నేలలో కుళ్ళడమూ ఆలస్యమవుతుంది. అందుకే ఎంత కలపాలన్నది ఊహతో తేల్చవద్దు. మూడు నాలుగు మోతాదుల్లో కుండీలు చేయించి, ఒక్కోదాని తడి బలాన్ని వారం వారం కొలిచి, అవే కుండీలను మట్టిలో పాతి చూసుకో.

కొబ్బరి పీచు కుండీలు ఇంతకంటే చాలా గట్టివి, ఎందుకంటే ఆ పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం వంతు ఎక్కువ. అదే కారణంగా నేలలో నెమ్మదిగా కరుగుతాయి. పీచును సరిగా కడగకపోతే సోడియం, పొటాషియం లవణాలు వేళ్ల దగ్గరికి చేరతాయి కాబట్టి, ప్రతి లోడు నుంచీ కాస్త నానబెట్టి లవణాలు ఎంత ఉన్నాయో చెప్పే ఆ నీటి విద్యుద్వాహకతను కొలిచాకే వాడుకో. వరి ఊక కుండీల విషయంలో ఊకను కాక దాన్ని పట్టి ఉంచే జిగురును ప్రశ్నించు. ఊక ఎలాగూ కుళ్ళుతుంది, కుండీ ఆయుష్షును తేల్చేది జిగురే.

మూడు విషయాలు పెంపకందారుకు ముందే చెప్పు, లేకపోతే తప్పు నీ కుండీ మీద పడుతుంది. మొదటిది నీరు. గాలి ఆడే గోడల నుంచి తేమ ఆవిరైపోతుంది గనుక ప్లాస్టిక్ కుండీ కంటే తరచుగా తడపాలి. రెండోది నత్రజని. కార్బన్ ఎక్కువగా ఉన్న గోడను తినే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టి నుంచే లాక్కుంటాయి, అందువల్ల లేత మొక్క ఆకులు పసుపుబారవచ్చు. ఎరువు కాస్త పెంచితే సర్దుకుంటుంది గానీ, కారణం తెలియని మనిషి మొక్కకు తెగులు వచ్చిందనుకుంటాడు. మూడోది అంచు. నాటేటప్పుడు కుండీ అంచు నేలపైకి ఏమాత్రం పొడుచుకు వచ్చినా అది దీపపు వత్తిలా లోపలి తేమను పైకి పీల్చి గాలికి వదిలేస్తుంది, వేరు ముద్ద ఎండిపోతుంది. అంచును చించెయ్యాలి లేదా మట్టితో పూర్తిగా కప్పాలి. ఈ మాట కుండీ మీదే, చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండాలి. వీటికి ఎదురుగా ఒక గొప్ప లాభం ఉంది, దాన్నీ చెప్పు: వేరు కొన గాలి ఆడే గోడను తాకగానే ఎండి ఆగిపోతుంది, వెనక నుంచి పిల్లవేళ్లు పుట్టుకొస్తాయి. ప్లాస్టిక్ కుండీలో లాగా వేళ్లు గుండ్రంగా చుట్టుకోవు. పర్యావరణం మాట ఎత్తకుండానే పెంపకందారును ఒప్పించగల గుణం ఇది.

బొకే తొడుగుల దగ్గర శత్రువు నీటి బొట్టు. చల్లటి గది నుంచి బయటికి తెచ్చిన పూల తొడుగు లోపల చెమ్మ పట్టి, బొట్లు రేకుల మీదికి జారి, అక్కడ బొట్రైటిస్ బూజు గోధుమరంగు మచ్చలుగా లేస్తుంది. కాబట్టి నీటి ఆవిరిని కొంత బయటికి పోనిచ్చే పొరే పూలకు మేలు. కలప గుజ్జు నుంచి చేసే అసలు సెల్లోఫేన్‌కు ఆ గుణం ఉంది, పూత లేనిదైతే మట్టిలోనూ త్వరగా పోతుంది. అయితే తేమ ఆపడం కోసం దాని మీద పీవీడీసీ అనే ప్లాస్టిక్ లాంటి పూతలు వేస్తారు, వాటితో లెక్క మారిపోతుంది. కాగితం తొడుగుకు లోపల పాలిథిన్ పొర ఉందేమో కూడా ఒక మూల తడిపి, గీకి చూడు. సిరా, జిగురు, రిబ్బను, మొక్క పేరు రాసే చీటీ, స్టేపుల్ పిన్ను, ఇవన్నీ తొడుగులో భాగమే. వాటిలో ఒక్కటి కుళ్ళనిదైనా కంపోస్టులో చివరికి మిగిలేది అదే.

స్పాంజి విషయంలో నా సలహా నీకు రుచించకపోవచ్చు. దానితో మొదలుపెట్టవద్దు. వెర్నన్ స్మిదర్స్ 1954లో తెచ్చిన ఆ పచ్చటి ఫోమ్ ఫినాల్–ఫార్మాల్డిహైడ్ రెసిన్‌తో చేసినది. నలిపితే సన్నటి పొడిగా రాలుతుంది, ఆ పొడి సూక్ష్మ ప్లాస్టిక్కే. ఆస్ట్రేలియాలోని ఆర్ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని నీటి జీవులు మింగుతున్నాయనీ, దాని నుంచి ఊరే రసాయనాలు వాటికి హాని చేస్తున్నాయనీ చూపించారు. బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. కనుక గిరాకీ ఉంది, కాదనను. కానీ తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టాలి, ఏ కోణంలో గుచ్చినా కాడ కదలకూడదు, రోజుల తరబడి తడిలో విడిపోకూడదు, ఆ తరువాత కుళ్ళాలి. ఇన్ని గుణాలను ఒక్క పదార్థంలో తేవడం కొత్తగా మొదలుపెట్టేవారి మొదటి పని కాకూడదు. పైగా తీగ జాలి, కాడలు గుచ్చే ముళ్ల పీట, నాచు వంటి మళ్లీ మళ్లీ వాడగలిగేవి ఇప్పటికే ఉన్నాయి. అవి పనికొచ్చే చోట వాటినే వాడమని చెప్పడం కూడా నీ వృత్తిలో భాగమే.

పరీక్షల గురించి ఒక గట్టి మాట. పాతిపెట్టి, తీసి, బరువు తగ్గిందని సంబరపడితే చాలదు. ముక్కలై కనబడకుండా పోవడం వేరు, సూక్ష్మజీవులు తిని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడం వేరు. ఆ తేడా పట్టించుకోని, త్వరగా ముక్కలయ్యేలా రసాయనాలు కలిపిన ఆక్సో రకం ప్లాస్టిక్కులను ఐరోపా సమాఖ్య 2019 నాటి ఆదేశంతో, 2021 జులై నుంచి మార్కెట్లో నిషేధించింది. నీ నమూనాను మట్టిలో కలిపి వెలువడే వాయువును కొలిపించు, పక్కనే అదే మట్టిలో స్వచ్ఛమైన సెల్యులోజ్‌ను పోలికకు పెట్టించు. సెల్యులోజ్ కూడా కుళ్ళకపోతే ఆ మట్టిలో ప్రాణం లేదని, పరీక్ష చెల్లదని అర్థం. చివరన ఆ మట్టిలోనే రెండు రకాల విత్తనాలు మొలకెత్తించి, మామూలు మట్టిలోని మొలకలతో పోల్చు. మొక్కల వాళ్లకు అమ్మే వస్తువుకు ఇంతకంటే ముఖ్యమైన పరీక్ష లేదు.

నువ్వు వేసే ముద్ర మీద ‘బయోడిగ్రేడబుల్’ అని ఒంటరిగా ఎప్పుడూ రాయించకు. ఎక్కడ, ఎంత వేడిలో, ఎన్ని నెలల్లో అన్నది పక్కనే ఉండాలి. ఇప్పటికి ఒకే మొక్క, ఒకే కొలత, ఓపికగా మాట్లాడే ఒక పెంపకందారు చాలు. ఆయన మట్టి నింపే యంత్రంలో ఖాళీ కుండీలు ఒకదాని నుంచి ఒకటి విడివడుతున్నాయో లేదో, తడిసిన కుండీలు ట్రేకు అంటుకుంటున్నాయో లేదో నువ్వే దగ్గరుండి చూసుకో. వారం వారం కొలిచిన తడి బలం లెక్కలు, పాతిపెట్టిన కుండీల ఫొటోలు నాకు పంపు. రెసిన్ మోతాదు సంగతి వాటిని చూసి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ మావయ్య