డికిన్సన్ వంశం: లోగన్ కౌంటీ దాటి వెతకండి

వంశవృక్షం కోసం వెతుకుతున్న మీరు, 1806 మే 30న ఆండ్రూ జాక్సన్‌తో (తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు) ద్వంద్వయుద్ధంలో చనిపోయిన చార్లెస్ డికిన్సన్ కాగితాలు అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లోగన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) దొరకలేదన్నారు. అది కాల్పుల కోసం సరిహద్దు దాటి వెళ్లిన చోటు మాత్రమేనండీ. అతని కాపురం టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్ దగ్గర. కాబట్టి ఆస్తి పంపకం, భూముల దస్తావేజులు టెనెస్సీ డేవిడ్‌సన్ కౌంటీవి చూడండి. టెనెస్సీ 1800 జనగణన పత్రాలు మిగల్లేదు, 1810వీ చాలావరకు పోయాయి. పన్ను జాబితాలే ఆధారం.

అసలు దారి భార్య జేన్ అర్విన్ వైపుంది. ఆమె తండ్రి జోసెఫ్ తర్వాత లూసియానాలోని ఐబర్‌విల్ పారిష్‌కు (అక్కడ కౌంటీని పారిష్ అంటారు) వెళ్లాడు. అక్కడ వారసత్వ కేసుల్ని ‘సక్సెషన్’ అంటారు. మిగతా రాష్ట్రాల్లో వాడే ‘ప్రొబేట్’ అనే మాటతో వెతికితే తప్పిపోతాయి. అర్విన్, ఇర్విన్ రెండు స్పెల్లింగులూ ప్రయత్నించండి. 1850కి ముందు జనగణనలో ఇంటి పెద్ద పేరే రాసేవారు. అందుకే పేరు కలిసిందని బంధుత్వం ఖాయం చేయకండి, దస్తావేజు చూశాకే వంశవృక్షంలో ఎక్కించండి.