దేవుడు దయగలవాడైతే తీర్పు ఎందుకు?

పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, యేసు చూపిన దేవుడు దయామయుడు, రెండూ ఎలా పొసుగుతాయి అని అడిగారు. ఇద్దరూ వేరే దేవుళ్లని 2వ శతాబ్దంలోనే మార్సియోను అనే క్రైస్తవ బోధకుడు చెప్పాడు. 144లో రోము సంఘం అతన్ని వెలివేసింది. నాకు మాత్రం ఈ సంగతి అర్థమైంది నా తప్పు వల్లే.

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా సంఘంలో ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తే, అమ్మిన డబ్బు కానుకల్లో కలుపుతాం. ఆ లెక్క నా దగ్గరుండేది. అందులోంచి 4,000 రూపాయలు వాడేసుకున్నాను. మళ్లీ పెట్టేద్దామనే అనుకున్నాను. పెట్టలేదు.

సంఘ పెద్ద కనిపెట్టాడు. ఆరాధనలో ఎత్తలేదు. ఓ రాత్రి మా అరుగు మీద కూర్చుని లెక్కల పుస్తకం తెరిచాడు. "క్రిస్మస్ లోపు కట్టెయ్ తమ్ముడూ. లేదంటే సంఘం ముందు పెడతాను" అన్నాడు.

"ఈసారికి వదిలెయ్యండన్నా" అన్నాను.

"నిన్ను వదిలేస్తాను సరే, గుప్పెడు తగ్గించుకుని తిన్న ఆ ముసలమ్మకి ఏం చెప్పను?"

నా దగ్గర మాట లేదు. తీర్పే లేని దయ నాకు దయ, ఆవిడకి అన్యాయం. వరికోతల్లో నాకు కూలి పని చూపించింది కూడా ఆయనే.

లూకా సువార్త 13లో యేసు చెప్పిన కథలో అంజూరపు చెట్టు మూడేళ్లయినా కాయలేదు, నరికెయ్యమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అంటాడు తోటమాలి. అప్పటికీ కాయకపోతే నరికించండి అని కూడా అతనే అంటాడు. గడువు దయే, కానీ దానికి చివర ఉంది. నిర్గమకాండం 34లో దేవుడు తన పేరు చెప్పుకునేటప్పుడు కూడా అంతే: దీర్ఘశాంతుణ్ణి, దోషిని నిర్దోషిగా ఎంచను, రెండూ ఒకే మాటలో. సిలువ దగ్గర ఆ దోషం లెక్కలోంచి మాయం కాలేదు, ప్రభువు తన మీద వేసుకున్నాడు. దేవుడు న్యాయం తప్పకుండానే పాపిని క్షమిస్తాడని చెప్పే రోమా పత్రిక 3వ అధ్యాయం నేను అప్పటినుంచి అలాగే చదువుతున్నాను.

క్రిస్మస్ ముందు ఆదివారం ఆఖరి వాయిదా కట్టాను. ఆయన తేదీ వేసి నాచేత సంతకం పెట్టించాడు. లెక్క మళ్లీ నా చేతికివ్వలేదు, అదీ న్యాయమే. అన్నాళ్లూ నేను ప్రభువు బల్లలో, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే వేళ, చెయ్యి చాపలేదు. ఆ రోజు రొట్టె పళ్లెం పట్టుకుని నా వరసలోకి వచ్చింది ఆయనే.