పేదలకు చదువు, పెద్దలకు ఫీజు: క్రైస్ట్స్ హాస్పిటల్ లెక్క

“ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చికి చెందిన) ప్రైవేటు బడి అంటే డబ్బున్నవాళ్ల బడే కదా, అందులో సేవ ఎక్కడిది?” అని ఒకరు అడిగారు. చాలా బడుల విషయంలో ఆ అనుమానం న్యాయమే. ఇంగ్లండులోని క్రైస్ట్స్ హాస్పిటల్ దారి మాత్రం వేరు. పేరు చూసి ఆసుపత్రి అనుకోకండి. లండన్‌లోని పేద పిల్లల కోసం 1552లో, ఆరో ఎడ్వర్డ్ రాజు కాలంలో పుట్టిన బడి ఇది. 1902లో దక్షిణ ఇంగ్లండులోని హార్షమ్‌ దగ్గరికి తరలింది.

ఇక్కడ ఫీజు ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. కొందరు పూర్తిగా కడతారు, కొందరు కొంతే, కొందరు అసలు కట్టరు. ఆ లోటును తరతరాలుగా పోగైన నిధి, పూర్వ విద్యార్థుల విరాళాలు పూడుస్తాయి. యూనిఫాం అయిన పొడవాటి నీలం కోటు, పసుపు మేజోళ్లు అందరికీ ఉచితం కాబట్టి ఎవరు ఎంత కట్టారో బట్టల్లో కనిపించదు. చదువు ముగించి వెళ్లేవారి చేతికి బైబిలు ఇచ్చి, ఈ మేలు ఇతరులకూ అందేలా శక్తి కొద్దీ సాయపడమని ఒప్పగిస్తారు. విరాళాల సేకరణకు ఇంతకంటే తెలివైన పద్ధతి నాకైతే తెలియదు!

2025 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో ప్రైవేటు బడుల ఫీజులపై 20 శాతం వ్యాట్ వచ్చింది. పూర్తి ఫీజు కట్టే కుటుంబాలు తగ్గితే, ఉచిత సీట్ల భారం ఇంకా ఎక్కువగా నిధి మీదే పడుతుంది.