నాన్న క్యాసెట్లు, పిల్లల హెడ్‌ఫోన్లు

పోయిన సంచికలో పాత రాక్ పాటల మీద ఒక పాఠకుడికి నాలుగు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకుంటే, ఈ నెల ఉత్తరాల్లో సగం దాని మీదే వచ్చాయి. నాన్నలు రాశారు, పిల్లలు రాశారు, ఒక అమ్మమ్మ కూడా రాశారు. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఈ మధ్య తన గదిలోంచి పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండు పాట వినబడితే నా చెవుల్ని నేనే నమ్మలేదు. కాలేజీలో ఉన్నప్పుడు టేపు అరిగిపోయేదాకా విన్న పాటలవి. తర్వాత ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, వీటిలో పడి ఇరవై ఏళ్లుగా వాటి జోలికే పోలేదు. ఇప్పుడు మళ్లీ వింటుంటే గొంతుకు ఏదో అడ్డం పడుతోంది. ఇది పాట గొప్పతనమా, వయసు మీద పడుతోందన్న బెంగా? నా సంగతి సరే, మా అమ్మాయికెందుకు నచ్చుతోంది, అది తన కాలం కాదు కదా? (ఒక తండ్రి)

జవాబు: రెండూ ఉన్నాయి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నడివయసు దాటినవాళ్లని మీ జీవితంలో బాగా గుర్తున్న సంగతులు చెప్పండి అంటే సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువ చెప్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పుడో గమనించారు, పాటల విషయంలోనూ అదే వరస. ఆ వయసులో విన్న పాటకి స్నేహితులు, పరీక్షలు, ఎవరికీ చెప్పుకోని ప్రేమలు, ఎందుకొచ్చాయో తెలియని కోపాలు అన్నీ అతుక్కుని ఉంటాయి కాబట్టి పాట మొదలవగానే అవన్నీ ఒకేసారి లేచి కూర్చుంటాయి.

మీ అమ్మాయి సంగతి ఇంకా సరదా. 2013లో కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ అనే పరిశోధకులు 20 ఏళ్లు అటూ ఇటూ ఉన్న విద్యార్థులకి కొన్ని దశాబ్దాల హిట్ పాటలు వినిపించి, ఏవి తెలుసు, ఏవి నచ్చాయి, వేటితో జ్ఞాపకాలున్నాయి అని అడిగారు. తమ కాలం పాటలకి ఎక్కువ మార్కులు వేశారు, అది మామూలే. కానీ 1980ల మొదట్లో వచ్చిన పాటల దగ్గర గ్రాఫు మళ్లీ లేచింది, అంటే వాళ్ల అమ్మానాన్నలు కుర్రకారుగా ఉన్న రోజులన్నమాట. 1960ల పాటల దగ్గర ఇంకోసారి లేచింది. పెద్దవాళ్లు వింటుంటే పక్కన ఆడుకుంటూ చెవిన వేసుకున్న పాటలు పిల్లల సొంతం కూడా అయిపోతాయని ఆ పరిశోధకుల ఊహ. మీరు ఇరవై ఏళ్లుగా వినలేదంటున్నారు, ఒప్పుకుందాం, మరి కూనిరాగాలు తీయడం కూడా మానేశారా? ఇంట్లోవాళ్లని అడిగి చూడండి.

అదేం కాదు, తనంతట తానే వెతుక్కుంది అంటారా, అదీ జరిగేదే. కేట్ బుష్ 1985లో పాడిన 'రన్నింగ్ అప్ దట్ హిల్' 2022లో ఒక వెబ్ సిరీస్‌లో వినబడి బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది, కొత్తగా వచ్చినప్పుడు కూడా దానికి దక్కని స్థానం అది. క్వీన్ బ్యాండు 'బొహీమియన్ రాప్సొడీ' 1975లో వచ్చింది, 1991లో ఆ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పోయాక మళ్లీ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, 2018లో అదే పేరుతో సినిమా వచ్చేసరికి మరో తరం పిల్లలు పట్టుకున్నారు. పిల్లలకి ఇవి పాత పాటలు కావు, నిన్న దొరికిన పాటలు. ఫోన్‌లో అన్నీ ఒకే వరసలో ఉంటాయి, 1973 పక్కనే ఈ ఏడాది పాట. తేదీ చూసి వినాలన్న ఆలోచనే వాళ్లకి రాదు, నన్నడిగితే మనకంటే వాళ్లే మేలు.

ఇక పాట గొప్పతనం. బెంగ ఒక్కటే అయితే నాలుగుసార్లు వినేసరికి తీరిపోతుంది, తీరడం లేదంటే లోపల సరుకుందన్నమాట. పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' తీసుకోండి. 1973లో వచ్చింది, మొత్తం 43 నిమిషాలు. అందులో 'మనీ' పాట మొదట్లో వినబడే డబ్బుల పెట్టె చప్పుళ్లు కంప్యూటర్‌లో చేసినవి కావు, చిల్లర చప్పుడు, కాగితం చింపిన చప్పుడు ఇలా ఒక్కొక్కటీ రికార్డు చేసి, టేపుని స్కేలు పెట్టి కొలిచి, కోసి, ఏడు దెబ్బలకి సరిపోయేలా అతికించి గుండ్రంగా తిప్పారు. అవును, ఆ పాట నడక ఏడు, మిశ్రచాపు తాళం తెలిసినవాళ్లు చేత్తో వేసి చూడండి, కుదురుతుంది. గిటార్ సోలో దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగులోకి మారిపోతుంది, ఒక్కసారిగా రోడ్డు వెడల్పయినట్టుంటుంది. కాలేజీ రోజుల్లో ఇది మీరు గమనించి ఉండకపోవచ్చు, గమనించక్కర్లేకుండానే నచ్చింది.

చేయాల్సిందల్లా ఒకటే, ఒక ఆదివారం ఆల్బమ్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా ఇద్దరూ కలిసి వినండి, మధ్యలో మాట్లాడకండి. ముఖ్యంగా మీరు. అయిపోయాక నీకేది నచ్చింది అని తనని అడగండి, తర్వాత తను ఈ మధ్య వింటున్న ఆల్బమ్ ఏదో అది కూడా అంతే ఓపిగ్గా వినండి. వినేటప్పుడు ఫోన్ చూసుకుంటే లెక్కలోకి రాదు.

ప్రశ్న: నేను ఏ పాత పాట పెట్టినా నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి "డ్రమ్స్ ఎవరు వాయించారో చెప్పు" అంటారు. తెలీదంటే "ఆమాత్రం తెలీకుండా ఆ బ్యాండు టీషర్ట్ ఎందుకు వేసుకున్నావ్" అంటారు. నాకు వినాలన్న సరదానే పోతోంది. (ఇంటర్ చదువుతున్న అమ్మాయి)

జవాబు: ఈ పేజీ చింపి నాన్నకి ఇచ్చెయ్యమ్మా, మిగతాది ఆయనకే రాస్తున్నాను.

అయ్యా, పాట వినడానికి ఎంట్రన్స్ టెస్ట్ ఏమిటి? మీరు మొదటిసారి విన్నప్పుడు మీకు డ్రమ్మర్ పేరు తెలుసా? ప్రశ్న అడిగే బదులు ఒక కబురు చెప్పి చూడండి. లెడ్ జెప్లిన్ బ్యాండు 1971 ఆల్బమ్‌లో చివరి పాట ఉంది, 'వెన్ ద లెవీ బ్రేక్స్', దాని డ్రమ్స్‌ని ఒక పాత పెద్ద ఇంటి హాల్లో మెట్ల కింద పెట్టి, మైకుల్ని పైన మెట్ల దగ్గర నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. ఆ చప్పుడు అంత పెద్దగా, ఇల్లంతా మోగినట్టు ఉండటానికి కారణం అదే. ఈ ముక్క చెప్పి మీరు వెళ్లిపోండి. మీ అమ్మాయి పాట మళ్లీ పెట్టుకుని డ్రమ్స్ కోసమే వింటుంది, డ్రమ్మర్ జాన్ బోనమ్ పేరు తనే వచ్చి చెప్తుంది. టీషర్ట్ సంగతి మర్చిపోండి, బట్టలకి ఎవరూ పరీక్ష పెట్టరు.

ప్రశ్న: "అప్పట్లో వచ్చిందే సంగీతం, ఇప్పుడొచ్చేదంతా చెత్త" అని మా నాన్నతో రోజూ గొడవ. నాకు రెండూ ఇష్టమే. ఎవరిది కరెక్టు? (డిగ్రీ కుర్రాడు)

జవాబు: ఎక్కువ భాగం నీదే. 1969 సంగతి చెప్పు ఆయనకి. వుడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగిన ఏడాది, బీటిల్స్ 'అబీ రోడ్' వచ్చిన ఏడాది, లెడ్ జెప్లిన్ మొదటి రెండు ఆల్బమ్‌లూ వచ్చిన ఏడాది. ఆ సంవత్సరం అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వార్షిక జాబితాలో అన్నింటికంటే పైన ఉన్న పాట ఏదో తెలుసా? 'షుగర్, షుగర్'. పాడింది ఆర్చీస్, అంటే టీవీ కార్టూన్ బొమ్మల బ్యాండు! పాట బాగానే ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ మీ నాన్న చెప్పే ఆ గొప్ప కాలంలో జనం ఎక్కువగా విన్నది అది. అప్పటి చెత్తని కాలం ఊడ్చేసింది, మంచివి మిగిలాయి, ఇప్పటి చెత్త ఇంకా మన కళ్లముందే ఉంది, తేడా అంతే. అసలు 'క్లాసిక్ రాక్' అనే పేరే 1980లలో అమెరికా రేడియో స్టేషన్లు పైకి తెచ్చింది, వాళ్లు ఏరి వేసిన పాటలనే మనం ఆ కాలం అనుకుంటున్నాం.

అయితే మీ నాన్న పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 1990ల నుంచి సీడీల్లో పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎత్తులో గట్టిగా మోగేలా మాస్టరింగ్ (విడుదలకి ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేసే పని) చేయడం పెరిగిపోయింది, చిన్న శబ్దాన్ని పైకి లేపి పెద్ద శబ్దాన్ని నొక్కేసి. లెడ్ జెప్లిన్ 'స్టెయిర్‌వే టు హెవెన్' ఎనిమిది నిమిషాల పాట, అందులో నాలుగు నిమిషాలు దాటేదాకా డ్రమ్స్ రావు. అప్పటిదాకా మెల్లగా నడిచింది కాబట్టే తర్వాత అవి వచ్చినప్పుడు ఒళ్లు ఝల్లుమంటుంది. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే ఆ ఝల్లు ఎక్కడిది? ఈ మాట ఆయనకి నువ్వే ఒప్పుకో, మిగతా వాదన నువ్వు గెలుస్తావు. ఇంకో సంగతి, పాత ఆల్బమ్‌ల కొత్త రీమాస్టర్లలో కొన్ని కూడా ఇలాగే గట్టిగా నొక్కేసినవి ఉన్నాయి, యాప్‌లో ఒకే ఆల్బమ్ రెండు మూడు రకాలుగా దొరికితే పాతది కూడా విని చూడు.

ప్రశ్న: అటక మీద మా నాన్నగారి ఎల్‌పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు), ప్లేయరు దొరికాయి. ప్లేయర్ని ఇప్పటి స్పీకర్లకి కలిపితే సౌండు చాలా సన్నగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వస్తోంది. రికార్డులు పాడైపోయాయా?

జవాబు: రికార్డుల్ని అనుమానించకండి, చాలావరకు అది ఫోనో ప్రీఆంప్ లేకపోవడం. ఎల్‌పీ మీద గాడి కోసేటప్పుడు బేస్ (కింది స్థాయి శబ్దాలు) తగ్గించి, ట్రెబుల్ (పై స్థాయి శబ్దాలు) పెంచి కోస్తారు. బేస్‌ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి మరీ వెడల్పయిపోయి రికార్డు ఒక్కో వైపు అంత పాట పట్టదు, ముల్లు కూడా ఎగిరిపోతుంది. వినేటప్పుడు దీన్ని తిరగేసి సరిచేయాలి, ఆ పని చేసేదే ఫోనో ప్రీఆంప్, ముల్లు నుంచి వచ్చే అతి చిన్న సిగ్నల్‌ని పెంచేది కూడా అదే. పాత ఆంప్లిఫయర్లలో 'ఫోనో' అని రాసిన సాకెట్ వెనకాల ఇది లోపలే ఉండేది, ఇప్పటి స్పీకర్లలో చాలావాటికి ఉండదు. చిన్న పెట్టె విడిగా దొరుకుతుంది, మధ్యలో పెడితే చాలు.

అది తెచ్చేలోపు ఒక పని చేయకండి, ఏళ్ల తరబడి అటక మీదున్న ఆ ముల్లుతో రికార్డులు వేయకండి. అరిగిన ముల్లు గాడిని గీరేస్తుంది, అది మళ్లీ బాగవదు. ముల్లు మార్చాక బెల్టు చూడండి, ఎండి బిగుసుకుపోయి ఉంటే పాట సాగుతున్నట్టు వినబడుతుంది. ఎల్‌పీలకి వేగం నిమిషానికి 33⅓ చుట్లు, చిన్న రికార్డులకి 45. నిమిషానికి 78 చుట్లు తిరిగే బరువైన రికార్డులు కూడా కట్టలో ఉంటే వాటికి ముల్లు వేరు, స్పిరిట్‌తో అస్సలు తుడవకండి, వాటి లక్క కరిగిపోతుంది. అన్నింటినీ నిలబెట్టి సర్దండి, ఒకదాని మీద ఒకటి పేర్చితే వంకర తిరుగుతాయి.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. మా మనవడితో కూర్చుని డీప్ పర్పుల్ వింటాను, నిజంగానే ఇష్టం. వాడి దగ్గర గిటార్ నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. ఈ వయసులో వేళ్లు తిరుగుతాయా? వాడు హెడ్‌ఫోన్లో పెట్టుకునే సౌండు చూస్తే మాత్రం టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, సరైన బ్యాండునే పట్టుకున్నారు. వాళ్ల 'స్మోక్ ఆన్ ద వాటర్' పాట మొదట్లో వచ్చే గిటార్ ముక్క నాలుగే స్వరాల మీద నడుస్తుంది, లోకంలో గిటార్ పట్టిన పిల్లల్లో సగం మంది మొదట వాయించేది అదే అయ్యుంటుంది. దాని కథ మీ మనవడికి చెప్పండి: 1971 డిసెంబరులో వాళ్లు ఆల్బమ్ రికార్డు చేయడానికి స్విట్జర్లాండ్‌లోని మాంట్రో వెళ్లారు, అక్కడి కాసినోలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ (వెలుగు చిమ్మే తుపాకీ) పేలిస్తే భవనం మొత్తం కాలిపోయింది, ఆ పొగ జెనీవా సరస్సు మీదికి పాకడం వీళ్లు చూశారు. పాటలో చెప్పింది అచ్చంగా ఆ సంగతే.

వేళ్ల గురించి భయం వద్దు. బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీకి కుర్రతనంలోనే ఫ్యాక్టరీ మెషిన్లో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి, ఆయన ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సిన చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి టోపీలు చేసుకుని, తేలికపాటి తీగలు వేసుకుని వాయించాడు. మీరూ సన్న తీగలున్న గిటారే తీసుకోండి, ఎలక్ట్రిక్ అయితే నొక్కడం ఇంకా సులువు. రోజూ కాసేపు చాలు, కీళ్లు నొప్పెడితే ఆపేయండి, పంతానికి పోవద్దు.

హెడ్‌ఫోన్ల విషయంలో మాత్రం మీ టెన్షన్ న్యాయమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, 90కి వెళ్తే వారానికి 4 గంటలే. చాలా ఫోన్లలో ఈ లెక్క చూపించే ఏర్పాటు ఉంది, మనవణ్ణి తెరిచి చూపించమనండి, వాడి అంకె వాడే చూసుకుంటాడు. ద హూ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ చెవుల్లో హోరుతో ఏళ్ల తరబడి బాధపడ్డాడని కూడా చెప్పండి, అమ్మమ్మ మాట కంటే గిటారిస్టు మాట తొందరగా ఎక్కుతుంది.

నవ్వేవాళ్లు నవ్వనివ్వండి. రోలింగ్ స్టోన్స్ బ్యాండు గాయకుడు మిక్ జాగర్ 1943లో పుట్టాడు, 2024లో ఆ బ్యాండుతో అమెరికా అంతా తిరిగి స్టేజీల మీద గెంతాడు. ఆయనతో పోలిస్తే మీరింకా చిన్నపిల్ల.