ముడి వేస్తాం, కట్టు కడతాం

సందేహం: స్కౌట్ పిల్లల కోసం ఒక చిన్న పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. కర్రలను తాడుతో కలిపి బిగించే లాషింగ్‌ను ‘బంధనం’ అనీ, నిలువు కర్రకు అడ్డకర్రను బిగించే స్క్వేర్ లాషింగ్‌ను ‘చతురస్ర బంధనం’ అనీ రాశాను. ‘ముడి’ అంటే సరిపోదా అంటున్నాడు మా మిత్రుడు. ఏది సరైనది?

సమాధానం: ‘కట్టు’ అనే మాట మీ ఇద్దరికీ తట్టకపోవడమే నాకు ఆశ్చర్యం. బంధనం అనగానే పిల్లవాడికి గుర్తొచ్చేది సంకెళ్లు.

ముడి ఎందుకు చాలదంటారా? పని ఎలా జరుగుతుందో చూడండి. ఒక కర్రకు ముడి వేసి మొదలుపెడతారు. రెండు కర్రలనూ కలిపి మూడు నాలుగు చుట్లు చుడతారు. తర్వాత కర్రల సందులోంచి, ఆ చుట్ల మీదుగానే అడ్డంగా రెండు మూడు సార్లు తిప్పి గట్టిగా లాగుతారు. చివర మళ్లీ ముడి. బిగువంతా ఆ అడ్డచుట్లలో ఉంది. ముళ్లు రెండు కొసల దగ్గర కాపలా కాస్తాయి, అంతే. మన క్రియలు ఈ తేడాను ఎప్పుడో పట్టుకున్నాయి. తాళి కడతారు, ముళ్లు మాత్రం వేస్తారు.

ఇక ఈ ‘కట్టు’ సంగతి. మోపు కట్టే క్రియతోనే ఇల్లూ కడుతున్నాం. ఇది తెలుగు ఒక్కదాని ముచ్చట కాదు. భవనాన్ని తమిళులు కట్టడం అంటారు, కన్నడిగులు కట్టడ అంటారు, మలయాళీలు కెట్టిడం అంటారు. తోబుట్టువు భాషలన్నీ తాడు బిగించే మాటతోనే గోడ లేపాయి. నీటిని ఆపితే చెరువుకట్ట, మనిషిని ఆపితే కట్టుబాటు. సంస్కృతమూ దీనికి దూరం కాదు: సేతువులోని ‘సి’ ధాతువుకు బంధించడమనే అర్థం. తొలినాటి ఇళ్లు కర్రలు కట్టి నిలబెట్టినవి కాబట్టే ఈ అర్థం వచ్చిందని తేల్చేయాలని నాకూ ఉబలాటమే. కానీ ఒక చిక్కుంది. నిజంగా తాళ్లతో కట్టే పందిరినీ పాకనూ మనం ‘వేస్తాం’. తాడు ముక్క అక్కర్లేని ఇటుకల ఇంటిని ‘కడతాం’. ఇలా ఎందుకు తిరగబడిందో తృప్తిగా చెప్పినవారిని నేను చూడలేదు.

ఈ సొగసంతా ఇప్పుడు ‘నిర్మించారు’ అనే ఒక్క మాట కింద నలిగిపోతోంది. రోడ్డు నిర్మించారు, పందిరి నిర్మించారు, చివరికి టెంట్ కూడా నిర్మించారు! టెంట్ వేయడానికి ఏం రోగం? ‘కట్టడి’ మాత్రం వార్తల్లో బాగానే బతుకుతోంది, అదీ జ్వరాలకూ ధరలకూ.

మీ ‘చతురస్రం’ మాత్రం తప్పు. అక్కడ చతురస్రం ఎక్కడుంది? మూలంలోని మాట కర్రలు లంబంగా కలుసుకోవడాన్ని చెబుతోంది. నేనైతే ‘అడ్డనిలువు కట్టు’ అంటాను. ‘అడ్డకట్టు’ అని కుదించకండి, అచ్చులో ‘అడ్డుకట్ట’ అయిపోతుంది. దాటుకుంటూ పోయే కర్రలు ఎడంగా విచ్చుకోకుండా మూల నుంచి మూలకు చుట్టేదాన్ని ‘ఐమూల కట్టు’ అనవచ్చు. ఐమూల అనే చక్కటి మాట ఉండగా ‘వికర్ణం’ దాకా పోనక్కర్లేదు. పక్కపక్కన ఉన్న కర్రలను కలిపేది జంటకట్టు. పిల్లలకు లాషింగ్ అనే మాట ముందే అలవాటైతే మొదటిసారి దాన్నీ పక్కన రాయండి, నాకు అభ్యంతరం లేదు. అడ్డచుట్లకు ‘బిగిచుట్టు’ అందామా అని ఉంది గానీ, తాడు పట్టి పనిచేసే వాళ్లను అడగకుండా ఖాయం చేయకండి.