చెల్లీ, ముందు గోల్కొండ మెట్లు దిగి చూపించు

చెల్లీ,

మీవాడు బోస్టన్ నుంచి ఫోన్ చేసి, "పెద్దమ్మా, అమ్మని అకాడియా తీసుకెళ్దామనుకుంటున్నా, నడవగలదా?" అని అడిగాడు. ఎందుకు నడవలేదు, నడుస్తుంది అనేశాను. ఇప్పుడు నా మాట నిలబెట్టే పూచీ నీది.

వెళ్ళొచ్చిన దాన్ని కాబట్టి చెబుతున్నా. అకాడియా అంటే అమెరికాలో మెయిన్ రాష్ట్రపు సముద్రతీరాన ఉన్న నేషనల్ పార్కు. ఆ పార్కులో అన్నిటికంటే పెద్ద కొండ క్యాడిలాక్, ఎత్తు 466 మీటర్లు. ఆ అంకె చూసి నవ్వుకున్నాను, మన హైదరాబాదే సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కదా అని. నవ్వు ఎక్కువసేపు లేదు. అక్కడ లెక్క మొదలయ్యేదే నీళ్ళ అంచు నుంచి, ప్రతి మీటరూ కాళ్ళతో ఎక్కాల్సిందే. నువ్వు క్యాడిలాక్ జోలికి కాలినడకన పోవద్దు. కారులో వెళ్ళొచ్చు, కాకపోతే సీజన్‌లో కారుకి ముందే బుకింగ్ చేసుకోవాలి, అది మీవాడు చూసుకుంటాడు. నీకు గోర్హమ్ కొండ చాలు, 160 మీటర్లు. గోల్కొండ గుట్ట 120 మీటర్లుంటుంది, దాని మీద ఇంకో మూడో వంతు అనుకో.

శాండ్ బీచ్ దగ్గర మొదలుపెట్టి, సముద్రం పక్కనే ఉన్న ఓషన్ పాత్ మీద థండర్ హోల్ దాకా నడిచి, ఇంకాస్త ముందుకెళ్ళి గోర్హమ్ ఎక్కి, అవతలి వైపు దిగితే మళ్ళీ శాండ్ బీచ్‌కే వస్తావు. మొత్తం అయిదారు కిలోమీటర్లు. మీవాడు గంటన్నర అంటాడు, నమ్మకు. నాకు నాలుగు గంటలు పట్టింది, అందులో గంట కూర్చోవడమే.

బయలుదేరే ముందు రోజు వాతావరణంతో పాటు ఆటుపోట్ల వేళలు కూడా చూడమను. మనం సముద్రం లేని ఊళ్ళో పుట్టాం, ఆ లెక్క మనకి తట్టదు. అక్కడ ఆటుకీ పోటుకీ నీటిమట్టంలో తేడా పది పన్నెండు అడుగులు. పోటు నుంచి ఆటుకి ఆరు గంటల పైచిలుకు, వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. థండర్ హోల్ అంటే రాతిలో సన్నటి చీలిక. అల లోపలికి దూరి, అక్కడ చిక్కుకున్న గాలిని నొక్కితే ఉరుము ఉరిమినట్టు మోగుతుంది. అది నిండు పోటుకి ఒకటి రెండు గంటల ముందు వెళ్తేనే. మేం ఆటు వేళకి వెళ్ళాం. గుడగుడమంది, అంతే, హుక్కా పీల్చినట్టు.

ఇక నా ఘనకార్యం. ఫోటో కోసం నాలుగు అడుగులు కిందికి దిగాను. పైన రాయి గులాబీ రంగులో, గరుకుగా ఉంటుంది. అచ్చం మన గుట్టల గ్రానైటే, వయసులో మాత్రం పసిది. అది సుమారు 42 కోట్ల ఏళ్ళది, మన రాళ్ళు 250 కోట్ల ఏళ్ళవి. చిన్నప్పుడు బండల మీద ఎగిరిన అలవాటుతో ధీమాగా కాలు వేశాను. నీళ్ళకి దగ్గరగా ఆ రాయి మీద ఒక నల్లటి పట్టీ ఉంటుంది, దూరానికి నీడలా కనిపిస్తుంది. అది పాకుడు. తడిసిందంటే మన పాత ఇంటి నూతి గట్టు గుర్తుంది కదా, దానికి తాత. కుడి మణికట్టు వాచి నెల రోజులు దోసె తిరగెయ్యలేకపోయాను. నల్లగా కనిపించిన రాయి మీద కాలు పెట్టకు, సముద్రానికి వీపు తిప్పి నిలబడకు.

కాటన్ చుడీదార్ వద్దు. నాది తుంపర్లకి తడిసింది, కొండ మీది గాలికి ఆరకపోగా పళ్ళు టకటకలాడాయి. త్వరగా ఆరే ట్రాక్ ప్యాంటు, పైన గాలి ఆపే జాకెట్టు వేసుకో. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపు. గొడ్లకి పట్టే గోమార్ల లాంటివి గడ్డిలో ఉంటాయి, జ్వరం, కీళ్ళనొప్పులు తెచ్చే లైమ్ జబ్బు అవి కుడితేనే వస్తుంది. బీపీ మాత్ర కారులో కాదు, సంచిలో. పులిహోర పట్టుకెళ్ళు, నిమ్మకాయది కాదు, చింతపండుది.

కొండ మీద దారికి నీలం గీతలు, రాళ్ళతో పేర్చిన గుర్తులు ఉంటాయి. కింద రెండు రాళ్ళు, అడ్డంగా ఒక బల్లరాయి, దాని మీద దారి చూపే చిన్నరాయి, పిల్లలు కట్టిన బొమ్మగుడిలా. సొంతిల్లు కావాలని మొక్కుకుని గుడి కొండల మీద మనం పేరుస్తాం చూడు, అలా అక్కడ పేర్చకు. పొగమంచులో వెనక వచ్చేవాళ్ళు దారి తప్పుతారు.

మీవాడు పక్కనున్న బీహైవ్ ఎక్కుదామంటాడు. అది గోర్హమ్ అంతే ఉంటుంది కానీ నిటారు, రాతిలో దిగ్గొట్టిన ఇనుప కడ్డీలు పట్టుకుని ఎక్కాలి, అదే దారిన దిగకూడదు. వాణ్ణి వెళ్ళి రమ్మను, నువ్వు బీచిలో కూర్చో. ఆ ఇసుకలో సగానికి సగం గవ్వల పొడే, గుప్పెట పట్టి దగ్గరగా చూడు. నీళ్ళలో దిగాలని మాత్రం అనుకోకు, నడి వేసవిలోనూ 13 డిగ్రీలు దాటడం అరుదు.

మోకాళ్ళకి ఎక్కడం కాదు కష్టం, దిగడం. నున్నటి బండ మీద పాదం మొత్తం ఆన్చి, చిన్న అడుగులు వెయ్యి. భయమేస్తే కూర్చుని జరుగు, అక్కడ నిన్నెరిగినవాళ్ళెవరూ ఉండరు.

ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది కదా, వారానికో రోజు గోల్కొండ. ఈ ఆదివారం గేటు తెరిచే వేళకి టికెట్ కౌంటర్ దగ్గర ఉంటాను. అక్కడ వేసుకునే బూట్లే తొడుక్కుని రా. చెప్పులతో వస్తే కూకట్‌పల్లి బస్సు ఎక్కించి వెనక్కి పంపిస్తా.

మీ అక్క