వెగాస్‌కి నియమాలు ఇచ్చింది కొంతే, మిగతాది పాత జట్లే చేతులారా ఇచ్చాయి

మీరు అడిగింది ఇది: వెగాస్ గోల్డెన్ నైట్స్ 2017లో అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్ అయిన నేషనల్ హాకీ లీగ్‌లోకి కొత్తగా వచ్చి మొదటి సీజన్‌లోనే స్టాన్లీ కప్ ఫైనల్ ఆడింది, ఆరో సీజన్‌లో కప్పు కూడా గెలిచింది. ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న పాత జట్ల అభిమానులకు ఇది అన్యాయం కాదా? నియమాలను కొత్త జట్టుకి మరీ అనుకూలంగా రాశారా?

నేను 2012 నుంచి మినియాపొలిస్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడికి వచ్చిన రెండో చలికాలం ఆఫీసులో పక్క సీటాయన, తన దగ్గర ఒక టికెట్ మిగిలిందని సెయింట్ పాల్‌కి మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. ఆ రాత్రి నుంచి నేను మిన్నెసోటా వైల్డ్ అభిమానిని. వెగాస్ బలంలో కొంత వాటా మా జట్టు నుంచే పోయింది. అందుకే ఆ మొదటి ఏడాది నాకూ మీలాగే కడుపు మండింది. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. ఆ నియమాలు ఉదారంగా ఉన్న మాట నిజం, కానీ పాత జట్లకు అన్యాయం చేసేవి కావు. అన్యాయం జరిగింది ఆటగాళ్లకి. దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. కొత్త జట్టు వచ్చినప్పుడు పాత జట్లు ఎవరిని వదులుకోవో పేర్లు రాసి ఇవ్వాలి. 2017లో ఒక్కో జట్టు 7 ఫార్వర్డ్‌లు, 3 డిఫెన్స్‌మెన్, 1 గోలీ (గోల్‌కీపర్) పేర్లు ఇవ్వొచ్చు. లేదా గోలీ కాకుండా ఏ స్థానం వాళ్లయినా 8 మంది, వాళ్లతోపాటు ఒక గోలీ. ప్రొఫెషనల్‌గా మొదటి రెండేళ్లలో ఉన్న కుర్రాళ్లను అసలు ముట్టుకోకూడదు. మిగిలిన వాళ్లలోంచి వెగాస్ ప్రతి జట్టు నుంచి ఒక్కరిని, 30 జట్ల నుంచి 30 మందిని తీసుకోవాలి. అంటే ఏ జట్టయినా పోగొట్టుకునేది ఒక్కణ్నే. అదీ వాళ్ల ఎనిమిదో ఫార్వర్డ్‌నో, నాలుగో డిఫెన్స్‌మన్‌నో, రెండో గోలీనో. సూపర్ స్టార్లు ఎవరూ బయటికి రారు.

దీన్ని మా వైల్డ్ లీగ్‌లోకి వచ్చిన 2000 సంవత్సరంతో పోల్చండి. అప్పుడు పాత జట్లు 9 మంది ఫార్వర్డ్‌లను, 5 మంది డిఫెన్స్‌మెన్‌ను, ఒక గోలీని ఉంచుకోవచ్చు. 11 మంది కాదు, 15 మంది. పైగా అదే ఏడు కొలంబస్ కూడా వచ్చింది కాబట్టి మిగిలిన ఆటగాళ్లను రెండు కొత్త జట్లూ పంచుకున్నాయి. అంతకు ముందైతే ఇంకా ఘోరం. 1974-75లో కొత్తగా వచ్చిన వాషింగ్టన్ క్యాపిటల్స్ 80 మ్యాచ్‌లలో 8 గెలిచింది, 67 ఓడింది. 1992-93లో ఒటావా 84 మ్యాచ్‌లలో 10 గెలిచింది. ఆ ఊళ్ల జనం డబ్బు పెట్టి టికెట్ కొని, వారం వారం వచ్చి ఓటమి చూసి ఇంటికి వెళ్లారు. అది న్యాయమని మనం అనుకోవడానికి కారణం ఒక్కటే, మనకు అదే అలవాటైపోయింది. కొత్తవాడు తన్నులు తినాలి అనే అలవాటు.

డబ్బు సంగతి కూడా ఉంది. వైల్డ్ లీగ్‌లో చేరడానికి కట్టింది 8 కోట్ల డాలర్లు. వెగాస్ కట్టింది 50 కోట్ల డాలర్లు. ఆ సొమ్మును 30 జట్లూ పంచుకున్నాయి, ఒక్కో యజమానికి కోటీ 66 లక్షల డాలర్ల పైనే అందింది. ఒక ఎనిమిదో ఫార్వర్డ్‌కి అది చాలా మంచి ధర. అంత పుచ్చుకుని, వచ్చినవాడు ఆడగలుగుతున్నాడని ఏడిస్తే ఎలా?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నియమాల ప్రకారం వెగాస్‌కి దొరకాల్సింది ఓ మోస్తరు జట్టు. దాన్ని మంచి జట్టుగా మార్చింది పాత జట్ల జనరల్ మేనేజర్ల, అంటే ఆటగాళ్ల ఎంపిక, బేరాలు చూసేవాళ్ల భయం. మా జట్టునే తీసుకోండి. మికో కోయివు, జాక్ పారిసే, జేసన్ పామిన్‌విల్, రయాన్ సూటర్ కాంట్రాక్టుల్లో జట్టు మార్చకూడదన్న నిబంధన ఉంది. అలాంటివాళ్లను తప్పనిసరిగా లిస్టులో పెట్టాలి. దాంతో మాట్ డంబా, మార్కో స్కాండెల్లా, ఎరిక్ స్టాల్ లాంటివాళ్లు బయట మిగిలారు. వాళ్లలో ఒకరు పోతారేమోనని మావాళ్లు కంగారుపడి, ‘మీరు ఎరిక్ హౌలాని తీసుకోండి, దానికి బదులుగా అలెక్స్ టక్‌ని కూడా ఇస్తాం’ అని వెగాస్‌తో ఒప్పందం చేసుకున్నారు. తిరిగి వచ్చింది ఒక మూడో రౌండ్ పిక్, అంటే కొత్త కుర్రాళ్ల ఎంపికలో మూడో రౌండ్‌లో ఒకణ్ని ఎంచుకునే హక్కు. టక్ మేం 2014లో మొదటి రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు, అప్పటికి లీగ్‌లో అడుగుపెట్టి కొన్ని నెలలే. అంటే ఒక్కరు పోవాల్సిన చోట ఇద్దరిని పంపాం. హౌలా ఆ సీజన్‌లో 29 గోల్స్ కొట్టాడు. టక్ 15 కొట్టాడు. ఇంత చేసి కాపాడుకున్న స్కాండెల్లాని, వెగాస్ ఎంపిక అయిన పది రోజుల్లోపే, జూన్ 30న పామిన్‌విల్‌తో కలిపి బఫెలోకి ట్రేడ్ చేసేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత, 2021 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో మమ్మల్ని ఏడో మ్యాచ్‌లో 6-2తో ఇంటికి పంపింది ఆ వెగాసే. ఆ ఏడాది చివర్లో వెగాస్ అదే టక్‌ని, ఇంకో ఆటగాడితో, పిక్‌లతో కలిపి బఫెలోకి ఇచ్చి జాక్ ఐకెల్‌ని తెచ్చుకుంది. 2023లో వాళ్లు కప్పు గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి), 26, ఐకెల్‌వే.

ఫ్లోరిడా చేసింది ఇంకా పెద్ద పొరపాటు. 2016-17లో 30 గోల్స్ కొట్టిన జొనాథన్ మార్షెసోని లిస్టులో పెట్టలేదు. రైలీ స్మిత్ కొత్త కాంట్రాక్టు భారమనిపించి, అతన్నీ ఒక నాలుగో రౌండ్ పిక్‌కి వెగాస్‌కే ఇచ్చేసింది. 2023 ఫైనల్లో వెగాస్‌కి ఎదురైంది ఎవరో తెలుసా? ఆ ఫ్లోరిడానే. కప్పు తెచ్చిపెట్టిన గోల్ స్మిత్‌ది. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ మార్షెసోది. కొలంబస్ అయితే గాయంతో ఆడలేని డేవిడ్ క్లార్క్‌సన్ కాంట్రాక్టు వదిలించుకోవడానికి ఒక మొదటి రౌండ్ పిక్, ఒక రెండో రౌండ్ పిక్ ఇచ్చి, విలియం కార్ల్‌సన్‌ని తీసుకోమంది. అనహైమ్, క్లేటన్ స్టోనర్‌ని తీసుకుంటే చాలు అంటూ షే థియొడోర్‌ని అప్పజెప్పింది. వీటిలో ఏ ఒక్కటీ చేయమని నియమాల్లో లేదు. అవతల కూర్చున్న వెగాస్ జనరల్ మేనేజర్ జార్జ్ మెక్‌ఫీ చేతిలో ఖాళీ శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి) ఉంది, ఎదుటివాళ్ల మెడకి చెడ్డ కాంట్రాక్టులు ఉన్నాయి. ఆయన ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్కరి భయాన్నీ విడివిడిగా కొనుక్కున్నాడు. అది బేరం తెలిసినవాడి పని.

ఇది నియమాల వల్ల కాదని నేను గట్టిగా చెప్పడానికి కారణం సియాటిల్ క్రాకెన్. 2021లో వాళ్లకి ఇచ్చినవీ అవే నియమాలు, ఫీజు మాత్రం 65 కోట్ల డాలర్లు. వెగాస్‌కి ఆ ఫీజులో వాటా లేదు, ఆటగాణ్ని వదులుకోవాల్సిన పనీ లేదు. మిగతా 30 జట్లూ ఈలోపు పాఠం నేర్చుకున్నాయి. ఒక్కడు పోతే పోనీ అనుకుని, బేరాలకు దిగకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాయి. కరోనా వల్ల శాలరీ క్యాప్ పెరగక ఎవరి దగ్గరా డబ్బు లేదు కూడా. సియాటిల్ మొదటి సీజన్ 27 గెలుపులు, 49 ఓటములు, 60 పాయింట్లు, డివిజన్‌లో ఆఖరి స్థానం. అవే నియమాలతో వెగాస్‌కి 109 పాయింట్లు. నియమాలే జట్టుని తయారుచేస్తే ఈ తేడా ఎక్కడిది? రెండో ఏడాది సియాటిల్ కూడా 100 పాయింట్లకు చేరి, ప్లేఆఫ్స్‌లో అంతకుముందు ఏడాది ఛాంపియన్ కొలరాడోని ఓడించింది. కొత్త జట్టు కుదురుకోవడానికి ఇలాంటి ఆరంభం సరిపోతుందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

ఇక నా సొంత అనుభవం. ఇది చెప్పాలనే జవాబు రాయడం మొదలుపెట్టాను.

ఇక్కడ వేసవిలో మనవాళ్లు టెన్నిస్ బాల్ క్రికెట్ లీగ్ ఆడతారు. ఎనిమిది జట్లు. 2018లో తొమ్మిదో జట్టు వస్తానంది. హాకీలో చూసిందే కదా అని, ఒక్కో జట్టు తొమ్మిది మంది పేర్లు ఉంచుకోవాలి, మిగిలిన వాళ్లలోంచి కొత్త జట్టు ఇద్దరిద్దరిని తీసుకోవచ్చు అని అందరం కలిసి రాసుకున్నాం. ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నాను, చెయ్యెత్తాను కూడా. గురువారం రాత్రి లిస్టు వాట్సాప్‌లో వచ్చింది. మా జట్టు తొమ్మిది పేర్లలో నా పేరు లేదు. ఐదేళ్లు ఆడాను ఆ జట్టుకి. కెప్టెన్, నేను ప్రతి ఆదివారం ఒకే కారులో గ్రౌండ్‌కి వెళ్లేవాళ్లం. ‘నువ్వు లిస్టులో లేవురా’ అని ఒక్క ఫోన్ చేసుంటే నాకు అంత కష్టం అనిపించేది కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున మా ఆవిడ ‘సరదాకి ఆడే ఆటేగా’ అంది. ఆవిడ అన్నది నిజమే, కానీ నన్ను ఎవరూ అక్కర్లేదనుకున్న మాట కూడా అంతే నిజం.

కొత్త జట్టు నన్ను తీసుకుంది. మొదటి ప్రాక్టీసుకి వెళ్తే ఆ కెప్టెన్, నాకంటే పదేళ్లు చిన్నవాడు, ‘అన్నా, నీకు ఎన్నో ఓవర్ వేయడం ఇష్టం?’ అని అడిగాడు. ఐదేళ్లలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. పాత జట్టులో మధ్యలో ఒక ఓవర్ ఇచ్చేవాళ్లు, ఎనిమిదో బ్యాట్స్‌మన్‌గా దింపేవాళ్లు. ఇక్కడ కొత్త బంతి నా చేతికిచ్చారు. ఆ వేసవిలో వేసినంత బాగా నేను ఎప్పుడూ బౌలింగ్ వేయలేదు. నా చెయ్యి మారలేదు. పాత జట్టులో నా ముందు కూర్చున్నవాళ్లు ఎక్కువ, అంతే. మా పదిహేను మందిలో ప్రతి ఒక్కరికీ అలాంటి గురువారం రాత్రి ఒకటి ఉంది, ఆ సంగతి మేం పెద్దగా మాట్లాడుకోలేదు కూడా. సెమీస్ దాకా వెళ్లాం. అక్కడ నా పాత జట్టు చేతిలోనే ఓడాం.

అందుకే కార్ల్‌సన్ అంకెలు చూసినప్పుడు నాకు అవి కేవలం అంకెల్లా కనిపించవు. కొలంబస్‌లో 6 గోల్స్ కొట్టినవాడు వెగాస్‌లో మొదటి లైన్‌లో, మార్షెసో, స్మిత్ మధ్య ఆడి 43 కొట్టాడు. ఆ జట్టు తమని తాము ‘గోల్డెన్ మిస్‌ఫిట్స్’ అని పిలుచుకుంది, అంటే ఎక్కడా ఇమడనివాళ్లు అని. దానికి తోడు సీజన్ మొదలయ్యే వారంలోనే, అక్టోబర్ 1న, లాస్ వెగాస్‌లో కాల్పులు జరిగి 58 మంది చనిపోయారని ప్రకటించారు. ఆ బాధలో ఉన్న ఊరి కోసం ఆడుతున్నామని వాళ్లు నమ్మారు. మొదటి గోలీ ఫ్లూరీ గాయపడి రెండు నెలలు లేకపోయినా, ఆ సీజన్‌లో ఐదుగురు గోలీలను దింపాల్సి వచ్చినా జట్టు చెదరలేదు. ఇలాంటిది ఏ నియమంలోనూ రాయలేరు.

సరే, అన్యాయం ఎక్కడ అంటే, ఆటగాడి దగ్గర. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు 2022లో ఐపీఎల్ గురించి మీలాగే వాదించాడు. సన్‌రైజర్స్ రిటైన్ చేసుకోని రషీద్ ఖాన్‌ని కొత్తగా వచ్చిన గుజరాత్ టైటాన్స్ వేలానికి ముందే తీసుకుని మొదటి ఏడాదే కప్పు కొట్టింది. వాడి బాధ నాకు అర్థమైంది. కానీ అక్కడ రషీద్‌కి కనీసం 15 కోట్లు వచ్చాయి. హాకీలో జట్టు మారినవాడికి పాత కాంట్రాక్టే, ఒక్క డాలర్ పెరగదు. పిల్లల బడి మారుతుంది, ఇల్లు మారుతుంది. వెగాస్ కట్టిన 50 కోట్ల డాలర్లు ఆటగాళ్లతో పంచుకునే ఆదాయం కిందికి రావు, ఆ లెక్క యజమానులకే పరిమితం. ఎవరిని అమ్మి ఆ సొమ్ము సంపాదించారో వాళ్లకి అందులో పైసా లేదు. పిట్స్‌బర్గ్‌లో 13 సీజన్లు ఆడి మూడు కప్పులు చూసిన ఫ్లూరీ, తన కాంట్రాక్టులో రక్షణ ఉన్నా, కుర్ర గోలీ మాట్ మరే కోసం ఆ హక్కు వదులుకుని వెళ్లాడు. అంత మర్యాదగా వెళ్లినవాడికి ఆ ఫీజులోంచి ఏం ముట్టింది?

నన్నడిగితే మార్చాల్సింది ఇదొక్కటే. ఎంపికైన ప్రతి ఆటగాడికీ చేరిక ఫీజులోంచి ఒక వాటా ఇవ్వాలి, లిస్టు బయటపడకముందే జట్టు అతనికి స్వయంగా ఫోన్ చేసి చెప్పాలి. 11 మందిని ఉంచుకోవడం, ఒక్కణ్ని వదులుకోవడం అలాగే ఉండనివ్వండి. ఇంకో కొత్త జట్టు వస్తే మా వైల్డ్‌ని నేను కోరేది కూడా ఒకటే: ఈసారి ఒక్కణ్నే పోనివ్వండి, ఆ ఒక్కణ్ని ఆపడానికి ఇంకొకణ్ని ఇవ్వకండి.